అంబులెన్సు వెనకే

"నువ్వు ఒక్క మాట చెప్తే చాలు! డ్రైవరు ఫోను మాట్లాడుతూ ఉన్నట్టుండి బ్రేకు వేశాడని చెప్పు... మా అమ్మను పొట్టన పెట్టుకున్నవాడి ఉద్యోగం ఎలా నిలుస్తుందో నేనూ చూస్తాను!"

భర్త అరుపులకు ఆమె వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. అత్తగారు పోయి ఇంకా నెల తిరగలేదు. ఆస్పత్రి నుంచి విచారణ అధికారి కాసేపట్లో ఇంటికే వస్తున్నాడు. ఆ రోజు అంబులెన్సులో అత్తగారి పక్కన కూర్చున్నది ఆమే కాబట్టి, ఆమె మాటకే విలువ.

"అతను ఫోను ముట్టుకోనే లేదండీ..." అంది మెల్లగా.

"నోర్ముయ్! అత్త కన్నా ఆ డ్రైవరు ఎక్కువయ్యాడా నీకు?"

ఎంత మాట! కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ అత్తగారికి తల దువ్వింది, మందులు వేసింది, మంచాన పడితే కన్నతల్లిలా చూసుకుంది. ఆ మాట అనడానికి ఆయనకు నోరెలా వచ్చిందో!

ఆయన కారు నడిపే తీరు ఇంటిల్లిపాదికీ తెలుసు. ముందు ఏ బండి ఉంటే దాని తోక పట్టుకుని పోవాల్సిందే. హారన్ మోగించడం, లైట్లు కొట్టడం, దారివ్వని వాళ్ళను తిట్టిపోయడం! పక్క సీట్లో ఈవిడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేది. "కొంచెం దూరంగా వెళ్ళండీ" అంటే, "నీకేం తెలుసే డ్రైవింగు?" అని కసురుకునేవాడు.

ఆ రోజూ అంతే. ఊపిరాడని అత్తగారితో ఆమె అంబులెన్సు ఎక్కింది. భర్త, ఆడపడుచు కారులో వెనకే బయల్దేరారు. అంబులెన్సుకు అందరూ దారిస్తుంటే, ఆ దారిలోనే ఆయన కారు దాన్ని అంటుకుని వస్తోంది. వెనక తలుపు అద్దంలోంచి చూస్తుంటే భర్త ముఖం అంతకంతకూ పెద్దదవుతోంది. "వెనక్కి... వెనక్కి ఉండండి!" అని రెండు చేతులూ ఊపింది. ఆయన ఇంకా దగ్గరికి వచ్చాడు! అంతలో ఓ పసిపిల్ల రోడ్డుకు అడ్డంగా పరుగెత్తింది. డ్రైవరు బ్రేకు వేశాడు. వెనక నుంచి కారు ధడాలున గుద్దేసింది.

ఆస్పత్రి గేటు కళ్ళెదుటే ఉంది. కానీ స్ట్రెచరు దిగాల్సిన వెనక తలుపు నొక్కుకుపోయి బిగుసుకుపోయింది. బయట నుంచి ఆయనే "అమ్మా! అమ్మా!" అంటూ ఆ తలుపును పిచ్చివాడిలా లాగాడు. గడ్డపారలు తెచ్చి దాన్ని ఊడదీసేసరికి, కోడలి చేతిలో ఉన్న అత్తగారి చెయ్యి చల్లబడిపోయింది...

అధికారి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఆడపడుచు కూడా వచ్చి ఓ మూల కుర్చీలో కూర్చుంది. "ఏం జరిగిందో చెప్పండమ్మా" అన్నాడు.

భర్త గుడ్లురిమి చూస్తున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"డ్రైవరు తప్పేం లేదండీ. చిన్నపిల్ల అడ్డొచ్చింది, ఆపాడు. మావారే మరీ దగ్గరగా వచ్చారు. వెనక్కి ఉండమని చేతులు ఊపాను కూడా..."

"అబద్ధం!" భర్త గావుకేక పెట్టాడు. "రమ్మని ఊపింది! అమ్మకేదో అయిందనుకుని దగ్గరికి వెళ్ళాను! మా అమ్మను చంపింది ఇదేనండీ!"

ఆమె అలాగే గోడకు జారగిలబడిపోయింది.

"అన్నయ్యా, ఇంక చాలు!" ఇన్నాళ్ళూ అన్న వైపే ఉన్న ఆడపడుచు లేచింది. "నీ పక్కనే కూర్చున్నాను కదా! వదిన వెనక్కి ఉండమంటోంది అని నేను చెప్పలేదూ? అప్పుడు నువ్వేమన్నావు?"

ఆయన తల వాల్చేశాడు.

"చెప్పు అన్నయ్యా! ఖాళీ వదిలితే మధ్యలో ఎవడో ఒకడు దూరతాడు అన్నావు... అవునా, కాదా?"

ఆయన నేల మీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకుని భోరుమన్నాడు. ఆడపడుచు పరుగున వచ్చి వదినను పట్టుకుంది. "నిన్ను అన్ని మాటలంటుంటే నోరు మూసుకుని ఊరుకున్నాను... నన్ను క్షమించు వదినా!" అని ఏడ్చింది.

ఆమె ఆడపడుచు తల నిమిరింది. భర్త దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. ఉన్నచోటి నుంచే అంది.

"దూరితే దూరనివ్వాల్సింది కదండీ... కాస్త ఆలస్యంగా వచ్చేవారు, అంతే కదా! మీరు వచ్చేసరికి అత్తయ్య ఆస్పత్రి మంచం మీద పడుకుని, 'మావాడు ఇంకా రాలేదేమే?' అని నన్నడుగుతూ ఉండేది..."