అడ్డమొచ్చిన మనిషి

2024 ఆగస్టు 20, మంగళవారం. తెల్లవారుజామున మొదలైన వాన తొమ్మిదింటికి కాస్త తెరిపిచ్చింది కానీ, మబ్బు మాత్రం మసిబట్టిన మూకుడులా నాచారం మీద బోర్లించే ఉంది. రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు. ముందురోజే రాఖీ పున్నమి. పక్కనే మల్లాపూర్ ఫ్యాక్టరీ షెడ్లలో పనికొచ్చిన మగవాళ్ల మణికట్లకు తడిసి రంగు వదులుతున్న దారాలు.

ఆ షెడ్లలో ఒకదానిలో కుక్కర్ల మూతలు కొట్టే ప్రెస్సు ముందు చంద్రయ్య పద్నాలుగేళ్లుగా నిలబడుతున్నాడు. ప్రెస్సుకు ముందు ఒక ఇనుప జాలీ ఉండాలి. అది మూస్తేనే ప్రెస్సు కిందికి దిగాలి. మూసి తెరిచేసరికి గంటకు నలభై మూతలు తగ్గుతున్నాయని దాన్ని ఉగాది దాటగానే విప్పి గోడకు ఆనించారు. విప్పించింది సూపర్‌వైజరు మహిపాల్. అతను చంద్రయ్య భార్య స్వర్ణలతకు అన్న. జనగామ పక్క పల్లె నుంచి చంద్రయ్యను తెచ్చి ఆ పనిలో పెట్టించింది కూడా అతనే. కాబట్టి జాలీ సంగతి చంద్రయ్య అడగలేదు. సొంత బావను ఎవరడుగుతారు?

పదిన్నరకు ప్రెస్సు ఒక దెబ్బ ఎక్కువ కొట్టింది.

నొప్పి తర్వాత వచ్చింది. ముందు శబ్దం వచ్చింది, తడిబట్ట పిండినట్టు. చంద్రయ్య కుడి చేతిని చూసుకున్నాడు. చూసి, అది ఎవరిదో అనుకున్నాడు.

నాచారంలో పెద్ద మిల్లులు నడిచిన రోజుల్లో వెంకటరామయ్య అనే యూనియన్ పెద్దమనిషి ఉండేవాడు. మనిషి పొట్టి, గొంతు మాత్రం సైరన్. షిఫ్టు మారే వేళ గేటు దగ్గర ఇటుకల మీద నిలబడి చెప్పేవాడు: దెబ్బ తగిలిందా, ముందు దవాఖానా. తర్వాత ప్రమాదాల రిజిస్టరులో నీ పేరు, గంట, మిషను నంబరు. చదవకుండా దేని మీదా వేలు పెట్టొద్దు. పనిలో పోయిన చెయ్యి పనిలోనే పోయిందని రాయించుకో, బతికున్నంత కాలం నెలనెలా పింఛను వస్తుంది. జనం బీడీలు కాలుస్తూ వినేవారు, వినకపోయినా వాళ్లకు గుర్తుండేది. చంద్రయ్య పట్నం వచ్చేనాటికి ఆ మిల్లులూ లేవు, వెంకటరామయ్యా లేడు.

ఆటోలో చంద్రయ్య చేతికి మహిపాల్ తన తువ్వాలు చుట్టి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. అతని కళ్లలో నీళ్లున్నాయి. నిజంగానే ఉన్నాయి.

"బావా, నా మాట ఇను. ఫ్యాక్టరీల అయిందని చెప్తే ఇన్‌స్పెక్టర్ వస్తడు, షెడ్డుకు తాళమేస్తడు. అరవై మంది రోడ్డు మీద పడ్తరు. అండ్ల నేనొకన్ని."

"మరి ఏం చెప్పాలె బావా..."

"లీవు పెట్టి ఉప్పల్ల చుట్టాలింటికి పోతుంటివి. మలుపు కాడ మనిషి అడ్డమొచ్చిండు. తప్పియ్యబోయి బండి మీదికెల్లి పడ్డవు. చెయ్యి లారీ కిందికి పోయింది. గంతే. సేటు తోటి నేను మాట్లాడ్త. నీ నౌకరి యాడికి పోదు. నీ చెల్లె... కాదు, నా చెల్లె మీద ఒట్టు."

ఫ్యాక్టరీ కార్డు చూపిస్తే ఉచితంగా వైద్యం చేసే కార్మికుల దవాఖానా దాటి, ఆటో ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోం ముందు ఆగింది.

మధ్యాహ్నం కానిస్టేబుల్ వచ్చాడు. రెయిన్‌కోటు నీళ్లు కారుతుంటే మంచం పక్కనే నిలబడి రాసుకున్నాడు.

"అడ్డమొచ్చినాయన ఎట్లుండె?"

చంద్రయ్య మత్తులో ఉన్నాడు. మహిపాలే అందుకున్నాడు. "తెల్ల చొక్కా సార్. చేతుల టిఫిన్ డబ్బా."

"పేరు?"

"తెల్వది."

"ఇల్లు?"

"అదీ తెల్వది సార్."

కానిస్టేబుల్ పెన్ను ఆపి నవ్వాడు. "పేరు లేదు, ఇల్లు లేదు. అసలు మనిషన్న ఉండెనా లేదా? నువ్వు చెప్పు పెద్దాయనా, పడింది నువ్వు గదా."

మహిపాల్ అరచెయ్యి చంద్రయ్య కాలి మీద వాలింది. మెత్తగా.

"ఉండె సార్," అన్నాడు చంద్రయ్య.

"సక్కగ జూసినవా?"

"చూసిన సార్. ఉండె."

ఎడమ బొటనవేలికి సిరా పూసి కాగితం మీద నొక్కారు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి, చుట్టాలు వచ్చే వేళ, వార్డంతా అరటిపళ్ల వాసన. స్వర్ణలత మందులకు కిందికి పోయింది. చంద్రయ్య కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి అరటిపళ్ల వాసన పోయి, తడి తారు వాసన వచ్చింది. డీజిలు కలిసిన వాననీటి వాసన.

కళ్లు తెరిచాడు.

స్టూలు మీద ఒకతను కూర్చున్నాడు. తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఒళ్లో టిఫిన్ డబ్బా. చంద్రయ్య అతని ముఖంలోకి చూశాడు. ముఖం ఉంది. కానీ చూపు డబ్బా మీదికి జారగానే ఆ ముఖం ఎలా ఉందో మరిచిపోయాడు. మళ్లీ చూశాడు. మళ్లీ మరిచిపోయాడు.

ముఖం సంగతి కానిస్టేబుల్ అడగలేదు కదా...

"ఎవరు?" అన్నాడు.

అతను డబ్బా మూత తీసి చూపించాడు. లోపల ఏమీ లేదు. అడుగు కూడా లేదు, ఊరికే నలుపు.

"డబ్బా ఉందని చెప్పిన్రు," అన్నాడు గుసగుసగా. "అండ్ల ఏముందో చెప్పలె. ఆకలైతుంది."

చంద్రయ్య నర్సును పిలిచాడు. ఆమె విసుక్కుంటూ వచ్చి అతన్ని చూసింది. బాగానే చూసింది. "అంకుల్, ఒక్కరే ఉండాలని చెప్పినం కదా. ఆ చొక్కా పిండుకుని రావచ్చు కదా, ఫ్లోరంతా నీళ్లే. పేషెంటు మీకేమైతడు?"

అతను చంద్రయ్య వైపు తిరిగాడు, జవాబు కోసం. పలక మీద అక్షరం రాక, పక్కవాడి పలకలోకి తొంగిచూసే పిల్లవాడిలా.

చంద్రయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అతను లేచి, తలుపు దగ్గర ఆగి, వెనక్కి చూడకుండానే అడిగాడు.

"పేరు లేదంటిరి. ఇల్లు లేదంటిరి. గా మలుపు కాడ్నే వానల నిలబడ్డ. నేను యాడికి పోవాలె?"

తర్వాత రోజూ వచ్చాడు. అదే నాలుగింటికి, అదే ప్రశ్నతో. పక్క మంచం ముసలాయన అతనికి బిస్కట్లు కూడా ఇచ్చాడు. అతను వాటిని ఒక్కొక్కటే డబ్బాలో వేసుకున్నాడు. అవి అడుగున పడిన చప్పుడు మాత్రం... ఎప్పుడూ వినిపించలేదు.

తొమ్మిదో రోజు, కుడి చెయ్యి మణికట్టు దగ్గర తీసేసిన చంద్రయ్యను ఇంటికి పంపారు. మల్లాపూర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. కూతురు హాస్టల్లో చదువుకుంటోంది, ఇంట్లో ఇద్దరే. మహిపాల్ ఆ సాయంత్రం కొబ్బరిబోండాలతో వచ్చాడు.

"బావా, నేను ఉన్నదున్నట్టు చెప్తా," అన్నాడు చంద్రయ్య. "నాకు భయమైతాంది. లేని మనిషిని ఉన్నడని చెప్పినం. చెయ్యి ప్రెస్సుల పోయిందని చెప్పి రాయిస్తా."

మహిపాల్ బోండాలు కింద పెట్టాడు.

"ఎవరు నమ్ముతరు బావా? మన షెడ్డోళ్లు ఆరుగురు చూసినట్టు సంతకాలు పెట్టిన్రు. రోడ్డు మీద పడంగ కండ్లార చూసినమని."

"ఆరుగురా? దసరాకు నా ఇంట్ల తిన్నోళ్లేనా?"

"వాళ్లకు గూడ పిల్లలున్నరు. ఇంకోటి..." మహిపాల్ గొంతు తగ్గించాడు. "సేటు ఒంటి చేతోనికి పని లేదన్నడు. నేను మస్తు చెప్పి చూసిన. నీ లెక్క మూసేసిన్రు."

"ఒట్టేసినవు గదా బావా. చెల్లె మీద."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చంద్రయ్య అటు చూశాడు. స్వర్ణలత గడపలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"నీకు తెల్సా?"

"అందరికంటె ముందు నాతోనే సంతకం పెట్టిచ్చిండు అన్న," అంది ఆమె. "నువ్వు లీవు పెట్టి పోయినవని రాసిచ్చిన. గట్లయితేనే నీ నౌకరి ఉంటదన్నడయ్యా... నా సొంతన్న. నేనేం జేతు?"

మహిపాల్ వెళ్లిపోయాడు. స్వర్ణలత ఏడుస్తూ పక్కింటికి పోయింది. చంద్రయ్య ఒక్కడే కూర్చున్నాడు. లేని వేళ్లు సలుపుతున్నాయి. ఆరుగురి ముఖాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. ఆఖరుకు స్వర్ణలత ముఖం వచ్చింది, అది మాత్రం పోలేదు.

ఏడింటికి కరెంటు పోయింది. వీధిలో ఇన్వర్టర్లు కుయ్యిమన్నాయి. తర్వాత అవీ ఆగాయి.

తడి తారు వాసన.

గుమ్మం బయట ఎవరో చెప్పులు విడిచారు. ఒకటి... రెండోది కాసేపటికి...

"నేను," అంది గొంతు.

లోపలికి రాలేదు. గడప అవతలే నిలబడ్డాడు. తెల్ల చొక్కా ఒక్కటే కనిపిస్తోంది, గాలిలో ఆరేసినట్టు. నీళ్లు బొట్టు బొట్టు... బొట్టు... బండ మీద.

"ఇయాల గూడ చెప్పవా?" అన్నాడు. "నువ్వు ఉన్నడంటెనే గద నేనున్న. నువ్వు గూడ మోసం జేస్తవా?"

ఆ మాటకు చంద్రయ్య లోపల ఏదో తెగింది. భయం కాదు. భయం ఉన్న చోట ఇప్పుడు ఇంకేదో ఉంది.

"ఇల్లు కావాల్నా?" అన్నాడు.

బొట్లు ఆగాయి.

"దమ్మాయిగూడల. వాటర్ ట్యాంకు వెనక సందు, పచ్చరంగు గేటు. పైన ఒక అంతస్తు, ముంగట బోరింగు. లోపల మహిపాల్ పెండ్లాం తారామణి ఉంటది, నీకు మరదలైతది. కొడుకు గౌతమ్, నిన్ను పెదనాయన అని పిలుస్తడు." ఊపిరి అందక ఆగాడు. "డబ్బాల చింతపండు పులిహోర. మహిపాల్‌కు, స్వర్ణలతకు నువ్వు పెద్దన్నవు. ఆ ఇల్లు నీదే."

చీకట్లో చొక్కా కాస్త ముందుకు వంగింది.

"ముఖం?" అన్నాడతను. ఆశగా.

చంద్రయ్యకు అది చెప్పకూడదని తెలుసు.

"మహిపాల్ లెక్కనే," అన్నాడు.

చీకట్లో నవ్వు. మహిపాల్ నవ్వు, ముక్కుతో మొదలయ్యేది.

"వస్త బావా..."

మూడోనాడు పొద్దున మహిపాల్ ఉప్పల్ దారిలో, మలుపు దగ్గర, బండి మీద నుంచి పడి చనిపోయాడు. ఎవరో మనిషి అడ్డమొస్తే తప్పించబోయాడట. చూసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మనిషి ఎటు పోయాడో మాత్రం ఎవరూ చూడలేదు.

పదోనాడు దమ్మాయిగూడ ఇంటి ముందు టెంటు వేశారు. టెంటు మధ్యలో, కుర్చీలో, వచ్చినవాళ్ల దండాలు అందుకుంటూ ఒకతను కూర్చున్నాడు. ముఖం అచ్చం మహిపాల్‌ది. చంద్రయ్య టెంటు అంచునే ఆగిపోయాడు.

"స్వర్ణా... నీకు అన్న ఒక్కడే గదా?"

ఆమె ఏడుపు ఆపి, వింతగా చూసింది. "గదేం మాటయ్యా? మన పెండ్లిల నీ కాళ్లు కడిగింది ఎవరు, పెద్దన్న గాదా?"

ఆరు నెలలకు పంపకాలయ్యాయి. దమ్మాయిగూడ ఇల్లు పెద్దన్నకే ఉండిపోయింది. ఇంటిపన్ను రసీదులు పదేళ్ల కిందటివి కూడా అతని పేరు మీదే ఉన్నాయి. ఆ పేరు చంద్రయ్య మూడుసార్లు చదివాడు, కాగితం మడవగానే మూడుసార్లూ మరిచిపోయాడు. మహిపాల్ బండి, సూపర్‌వైజరు నౌకరి గౌతమ్‌కు దక్కాయి. బంగారం తారామణిది, పైగదిలో ఉండే హక్కు కూడా, పెద్దన్న ఉండనిచ్చినంత కాలం. స్వర్ణలతకు పుట్టింటి గుర్తుగా తల్లి కుట్టుమిషను ఇచ్చారు. దాన్ని మోసుకొచ్చి మల్లాపూర్ ఇంట్లో దించింది పెద్దన్నే. దించి, మంచినీళ్లు తాగి, రెండు గదులూ నిదానంగా చూసి, "ఈడ ఎవరెవరుంటరు బిడ్డా?" అని అడిగాడు. స్వర్ణలత నవ్వి, "నేనొక్కదాన్నే గదన్నా, బిడ్డ హాస్టల్ల ఉంటది," అంది.

చంద్రయ్య ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. పంపకాల్లో అతనికి ఏమీ రాలేదు, ఉన్నాడన్న మాట కూడా.