జనరేట్ నొక్కొద్దు

"చేప తాజాదేనా?"

"సరస్సు అబద్ధం చెప్పదు."

కోడ్ మాటలు కుదిరాయి. ఏజెంట్ ఓవీటి కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. డిపార్ట్‌మెంటులో చేరి ఇన్నేళ్ళయినా ఇంకా చేపల మీదే కోడ్ మాటలు రాస్తున్న ఆ మహానుభావుడెవడో దొరికితే చెంప పగలగొట్టాలని అతని చిరకాల కోరిక. మలేరియా జ్వరం ఇంకా పూర్తిగా దిగలేదు. సెలవు చీటీ రాసి ఇచ్చాడు, దాన్ని చదివినవాళ్ళు లేరు.

సరస్సు ఒడ్డున, కిసుము రేవు పక్కన రేకుల హోటలది. ఎదురుగా మిసెస్ ముటిండా, అతని పై అధికారి, వేయించిన టిలాపియా చేపలో ముళ్ళు ఏరుతోంది.

"మన ఊళ్ళో కట్టిన ఫెర్రీ మధ్యాహ్నం బయల్దేరుతోంది."

"తెలుసు మేడమ్. నడిపేది మా మామయ్య. నన్ను పెంచిందే ఆయన."

"అందుకని నిన్ను పిలవకూడదు. కానీ ఇంకెవరున్నారు నా మొహాన?" ఆవిడ నిట్టూర్చింది. "కొంగ ముఠా దిగింది. విదేశాల్లో పడవలు అమ్ముకునే బాపతు. మన ఫెర్రీ మునిగితే వాళ్ళవి కొంటారు. వాళ్ళ ఫోన్లో మనకి దొరికింది ఒకటే ముక్క: 'పని తెర చూసుకుంటుంది.'"

తెర అంటే కెప్టెన్ ముందుండే కంట్రోల్ పానెల్. ఫెర్రీ అడుగున నీరు చేరితే కొలత ముల్లు లేచి, ఎర్రగా మెరిసి చెప్పాల్సింది అదే.

"ఫెర్రీని ఆపేయండి."

"ఇప్పటికే మూడుసార్లు ఆపాను. తెర మీద గీతలొచ్చాయని ఒకసారి, అంకెలు వణికాయని ఒకసారి, తెల్లగా అయిపోయిందని ఒకసారి. విప్పి చూస్తే చుక్క నీరు లేదు. జనం ఈలలేశారు. నాలుగోసారి ఆపితే నన్ను ఇంటికి పంపుతారట. పోయి ఆ పానెల్ చేసినవాళ్ళ దగ్గర చూడు. నీ పాత విద్యేగా! డెల్ఫీన్ అక్కడే ఉంది."

లేస్తుంటే చేతిలో ఒక పెన్ను పెట్టింది. మూత తిప్పితే పొగ వస్తుందట. ఓవీటి బయటికొచ్చి తిప్పి చూశాడు. పొగా రాలేదు, కనీసం రాయనూ లేదు.

*

మార్కెట్ వెనక సందులో ఖిసా వర్క్‌షాప్. డిస్‌ప్లే రిపేరు వాడి వేషంలో ఓవీటి లోపలికెళ్ళాడు. వేషమేముంది, ఉద్యోగం మారకముందు వేసుకున్న నీలం కోటే. అప్పుడు వదులుగా ఉండేది, ఇప్పుడు గుండీలు పట్టడం లేదు.

లోపల సోల్డరింగ్ వాసన, అల్లం టీ వాసన. పెద్ద మానిటర్ కింద ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది. దాని మీద లావు అక్షరాలు: జనరేట్ నొక్కొద్దు.

"ఏంటిది?" అన్నాడు ఓవీటి.

ఖిసా అనే ఆ బక్కపల్చటి ఇంజనీరు తల గోక్కున్నాడు. "మా పాపం అన్నా. తెర బొమ్మలు ఈ డిజైనర్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తాం. జనరేట్ నొక్కితే కోడ్ అదే రాసిపెడుతుంది. మధ్యమధ్య రెండేసి కంచె గీతలు వదులుతుంది. మనం చేత్తో రాసేది ఆ కంచె లోపలే రాయాలి. బయట రాశామో, మళ్ళీ నొక్కగానే ఊడ్చేస్తుంది. పోయిన వానల్లో రాసిందంతా ఒక్క నొక్కుడికి గంగలో కలిసింది. ఆ రోజు నుంచి నొక్కడం మానేశాం."

"అయితే ఇప్పుడు కంచె లోపలే రాస్తున్నారా?"

"లేదన్నా, ఎక్కడ పడితే అక్కడే. ఎవడూ నొక్కడుగా!"

ఓవీటికి జ్వరం ఇంకో డిగ్రీ పెరిగినట్టయింది. కాలు జారిన చోట అడ్డుకట్ట వేయడం మాని, అటు నడవడమే మానేసే రకాలు! అయితే తిట్టడానికి నోరు రాలేదు. అతని కాలంలోనూ ఇంతే.

"ముసలాడివైపోయావు ఓవీటీ."

వెనక నుంచి గొంతు. పట్టు స్కార్ఫు, ఎర్రటి గోళ్ళు, సోల్డర్ వాసనను కూడా ఓడించే సెంటు. డెల్ఫీన్ ముఖ్వానా. డిపార్ట్‌మెంట్ ఆమెను ఇక్కడ ప్రోగ్రామర్‌గా నాటి చాలాకాలమైంది. ఎంటెబ్బేలో ఒకసారి తూటాకు ఎదురెళ్ళి అతని ప్రాణం కాపాడిన మనిషి.

"జ్వరం," అన్నాడు.

"ఇంటికెళ్ళి పడుకో. కోడంతా లైను లైనూ చదివాను. శుభ్రంగా ఉంది."

ఎంటెబ్బే గుర్తొచ్చి అతను నమ్మాడు. నమ్మి, వెళ్ళేముందు ఊరికే మామయ్యకి ఫోన్ చేశాడు. ఫెర్రీ అప్పటికే నడిసరస్సులో ఉంది.

"మామయ్యా, పానెల్ ఎలా ఉంది?"

"అద్దంలా ఉందిరా!" కెప్టెన్ ఓజ్వాంగ్ గొంతు ఖంగుమంది. "అంతా పచ్చే. వెనకటి వేషాలేం లేవు. జనం సంతకి పోతున్నారు, వెనక పాటలు కూడాను."

"ఫెర్రీ?"

"కాస్త బద్ధకంగా తిరుగుతోంది. పంచదార లారీ ఎక్కిందిలే."

"నీటి ముల్లు ఊగుతోందా?"

"ఊగడమా? రాయిలా నిలబడింది. ఇన్నాళ్ళకి సరిగ్గా చేశారు మీవాళ్ళు."

ఓవీటి గోడకు ఆనుకున్నాడు. అలల మీద పోయే పడవ అడుగున ఎంతో కొంత నీరు ఉండకపోదు, అది అటూ ఇటూ పారకపోదు. ముల్లు ఊగి తీరాలి. ఊగలేదంటే అది కొలత కాదు, బొమ్మ. ఫెర్రీ బద్ధకం పంచదార బరువుది కాదు, ముఠా అడుగున పెట్టిన చిల్లుది. పైన పటారం, లోన లొటారం. వెనకటి మూడు వేషాలూ ఎవరో కావాలని వేయించినవే, నాలుగోసారి ఎవరూ నమ్మకుండా ఉండడానికి.

"మామయ్యా, వెనక్కి తిప్పు. అడుగున నీరు చేరుతోంది."

"మళ్ళీనా! మొన్న పిల్లలు కూడా నన్ను చూసి 'ఓ తాతా, తెర ఏడ్చిందా?' అని నవ్వారు. తెర ఎర్రబడితే తిప్పుతా. పచ్చగా ఉంటే తిప్పను."

"అడుగు తలుపు తీసి చూడు."

"దాని మీదే లారీ ఉందిరా!" ఫోన్ పెట్టేశాడు.

ఓవీటి ఖిసా వైపు తిరిగాడు. "ముల్లుని కట్టిపడేసిన లైన్లు ఇందులో ఎక్కడో ఉన్నాయి. వెతకడానికి ఎంత సేపు పడుతుంది?"

"వెతకడమా! మాకే తెలీదు ఎక్కడ ఏముందో."

"సెన్సర్‌ని చదివే కోడ్?"

"అది నేనే రాశాను. కంచె లోపల. అదొక్కటే సరైన చోట ఉంది."

"అయితే జనరేట్ నొక్కు. బయటున్నదంతా ఊడ్చేస్తుందిగా."

ఖిసా మొహం పాలిపోయింది. "అన్నా, మావి కూడా పోతాయి! తెర తలకిందులుగా బిగించారు, దాన్ని తిప్పే కోడ్ బయటే ఉంది. ఎరుపు నీలంగా, నీలం ఎరుపుగా వస్తే సరిచేసిందీ బయటే. ఏడాది కష్టం!"

"నిజం చెప్తుందా, చెప్పదా?"

"చెప్తుంది. ఘోరంగా చెప్తుంది."

"నొక్కొద్దు," అంది డెల్ఫీన్.

ఆ మాట ఏడాదిగా ఆ గదిలో అందరూ అంటున్నదే. చేతిలో పిస్తోలుతో అన్నది మాత్రం ఈమే.

ఓవీటికి ఆశ్చర్యం కన్నా ముందు నీరసం వచ్చింది. "నువ్వా డెల్ఫీన్?"

"అలసిపోయాను. రేకుల హోటళ్ళు, పనిచేయని పెన్నులు. నీకెప్పుడూ అనిపించలేదా?"

"రోజూ అనిపిస్తుంది. కానీ ఆ పడవలో మా మామయ్య ఉన్నాడు. సంతకెళ్ళే జనం ఉన్నారు."

"చేతులు కనపడేలా పెట్టు."

పెట్టాడు. ఆమె కళ్ళు ఆ చేతుల మీదే ఉన్నాయి. అందుకే ఖిసాను చూడలేదు. ప్లాస్టర్ అంటించినవాడు, ఏడాది కష్టం పోతుందని ఏడవబోయినవాడు, కళ్ళు గట్టిగా మూసుకుని వేలు దించాడు.

తెర మీద పచ్చగీత పాకడం మొదలైంది. కోడ్ పుట్టాలి, కంపైల్ అవ్వాలి, ఫోన్ నెట్‌వర్క్ మీద ఫెర్రీకి చేరాలి. ముప్పాతిక దాటింది. డెల్ఫీన్ గిర్రున తిరిగి కాల్చింది. మానిటర్ భళ్ళున పగిలింది.

ఓవీటి ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. పిస్తోలు కింద పడింది. బల్ల కింద ఫ్యాను మాత్రం గుయ్యిమంటూనే ఉంది.

"కంప్యూటర్ కింద ఉంది డెల్ఫీన్," అన్నాడు రొప్పుతూ. "నువ్వు కాల్చింది తెరని."

తెరతో ఊరంతటినీ మోసం చేసిన మనిషి, చివరికి తనూ తెరనే నమ్మింది.

ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఏం చేశారురా! పానెల్ తలకిందులైపోయింది!"

"మెడ వంచి చదువు మామయ్యా."

"ఏదో నీలంగా మెరుస్తోంది. చూడ్డానికి బానే ఉంది."

"ఇవాళ నీలమే ఎరుపు."

అవతల వెనక పాట వినిపిస్తోంది.

"ముల్లు, మామయ్యా?"

"ఊగుతోంది," గొంతు సన్నబడింది. "చివరికంటా పోయి ఊగుతోంది." అంతలోనే గావుకేక: "పంపులు వెయ్యండ్రా! ఒడ్డుకి తిప్పండి, ఒడ్డుకి!"

ఓవీటి పిస్తోలు అందుకుని నేల మీద కూర్చున్నాడు. కాసేపటికి ఫోన్ మళ్ళీ మోగింది. ఫెర్రీ జాలరుల రేవు దగ్గర ఇసుకలో దిగబడింది. జనం మోకాలి లోతు నీళ్ళలో, చెప్పులు చేతబట్టుకుని, కెప్టెన్‌ని నానా తిట్లూ తిడుతూ ఒడ్డెక్కారు. అందరూ ఎక్కారు. ఫోన్లోంచి అంత కమ్మని తిట్లు ఓవీటి ఎన్నడూ వినలేదు.

*

డెల్ఫీన్‌ని తీసుకెళ్ళేటప్పుడు ఆమె వెనక్కి చూడలేదు. అదే అతనికి జ్వరం కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

మిసెస్ ముటిండా ఫోన్ చేసి అభినందించింది. పెన్ను తిరిగి ఇవ్వమంది.

వారం రోజులు సెలవు దొరికింది. ఓవీటి ఖిసాకి వీడ్కోలు చెప్పడానికి వెళ్ళాడు. కొత్త మానిటర్ ముందు కూర్చుని ఖిసా తెరని నిటారుగా తిప్పే కోడ్ మళ్ళీ రాస్తున్నాడు. ఓవీటి వంగి చూశాడు.

"ఖిసా, అది కంచె బయట కదూ?"

"తెలుసన్నా. ముందు పని కానీ, తర్వాత లోపలికి జరుపుతాలే," అంటూ ఖిసా పగిలిన మానిటర్ నుంచి పాత ప్లాస్టర్ ముక్కని జాగ్రత్తగా ఊడదీసి కొత్తదానికి అంటించాడు.