వదులు చెయ్యని కమాను

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏదీ రాయలేదండీ. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. నలుగురు మగవాళ్ళు కూర్చుని ఉంటే తలుపు చాటునుంచి జవాబు చెప్పే మనిషిని. కానీ మా తమ్ముడు ఏడుకొండలు గురించి, వాడి పెద్దకర్మ నాటి సాయంత్రం గురించి ఊళ్ళో తలో మాటా అంటున్నారు. దగ్గరుండి చూసినదాన్ని నేను. అందుకని రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మాది గుండుగొలను దాటి లోపలికి వెళితే కొల్లేటి గట్టున ఉన్న ఊరు. నా పేరు నాగరత్నం. అమ్మ పోయాక తమ్ముణ్ణి నేనే పెంచాను. నా పెనిమిటి పోయాక వాడే నన్ను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. ప్రసాదరావు గారి భాగవతం మేళంలో వాడు ఫిడేలు వాయించేవాడు. వాడి పక్కన మద్దెల అప్పారావు.

ఏడుకొండలు ఫిడేలంటే ఈ చుట్టుపక్కల చెవి కోసుకునేవాళ్ళు. నాట్లప్పుడు ఆడవాళ్ళు వాణ్ణి గట్టుమీద నిలబెట్టేసేవారు. "ఏవండీ, ఆ ఏడుపుగొట్టుది వద్దండీ! నవ్వుకునేది వాయించండి, నడుములు పట్టేశాయి" అనేవారు. ఫిడేలు తీగలమీద లాగే వాడి కమానుకి వెంట్రుకలు జట్కా ఖాదర్ గారి గుర్రం తోకవి. "నీ పుణ్యమా అని నా గుర్రానికి ఈగలు తోలుకోడానికి తోక మిగల్లేదయ్యా" అనేవారాయన. "అందుకేగా సాయిబుగారూ, దానికి ఊరికే వినిపిస్తున్నాను" అనేవాడు మావాడు. దోనెల కంతలు పూడ్చే గుగ్గిలాన్నే కమానుకి రాసేవాడు. ఇల్లంతా ఆ వాసనే ఉండేది.

ఆట అయ్యాక కమాను చివరి మర తిప్పి, వెంట్రుకలు వదులు చేస్తేనేగాని అన్నానికి కూర్చునేవాడు కాదు. "బిగించి ఉంచితే ఇంకా వాయించాల్సింది ఉన్నట్టు అక్కా" అనేవాడు.

ఆ వానాకాలం మద్రాసు నుంచి గ్రామఫోను ప్లేట్లవాళ్ళు ఎవరో వచ్చి విని, ఏడుకొండల్ని రమ్మన్నారు. మద్దెల అక్కర్లేదన్నారు. అప్పారావు నవ్వి, "పోయిరా బావా, ప్లేటులో కూర్చుని మమ్మల్ని తలుచుకో" అన్నాడు. తరవాత కొద్దిరోజులకే ఆకివీడు వైపు ఆట ముగించుకుని ఇద్దరూ ఒకే దోనెలో బయలుదేరారు. అప్పారావు ఒక్కడే వచ్చాడు. గాలికి దోనె తిరగబడిందన్నాడు. వాడి చంకలో ఫిడేలు పెట్టె ఉంది. తీసి చూస్తే లోపల పొడిగా ఉంది.

"తేలింది అక్కగారూ" అన్నాడు.

తమ్ముడు నీళ్ళలో మొలిచే కిక్కిసగడ్డిలో శవమై దొరికాడు. నీళ్ళు పోస్తూ నేను వాడి ఎడమచెయ్యి చూశాను. నాలుగు వేళ్ళూ ఎముకలు విరిగి నలిగిపోయి ఉన్నాయి, దోనె అంచు పట్టుకున్న చేతిమీద దేనితోనో మోదినట్టు. ప్రసాదరావు గారూ చూశారు. చూసి, తన పైపంచె తీసి ఆ చేతిమీద కప్పేశారు.

"చేపలు కొరికాయమ్మా" అన్నారు మెల్లిగా. "ఒకడు పోయాడు. మద్దెల కూడా పోతే మేళం ఏమైపోవాలి? నలుగురిలో ఈ మాట అనకు."

నేను నలుగురిలో ఏనాడు ఏమన్నాను గనక.

మర్నాటి నుంచి కమాను బిగుసుకోవడం మొదలైంది. సాయంత్రం నేనే వదులు చేసి గూట్లో పెట్టేదాన్ని. తెల్లారేసరికి బిగిసి ఉండేది. వెంట్రుకల మీద గుగ్గిలం పొడి కొత్తగా, తెల్లగా. మొదట భయపడ్డాను. తరవాత వదులు చెయ్యడం మానేశాను.

మా మేళంలో ఒక ఆచారం ఉందండీ. వాయించేవాడు పోతే పెద్దకర్మనాడు దీపాలవేళకి అతని చోటు ఖాళీగా ఉంచి, చాపమీద వాయిద్యం పెట్టి కాసేపు ఆడతారు. ఆఖర్న ఇంటివాళ్ళు ఆ వాయిద్యాన్ని ఒకరి చేతికిస్తారు. ఫిడేలైతే అతను కమాను బిగించి, ఒక్కసారి లాగి, వదులు చెయ్యాలి. దాంతో పోయినవాడి ఆట ముగిసినట్టు.

ఆ సాయంత్రం మబ్బు పట్టి తొందరగా చీకటి పడింది. మా వాకిట్లో పందిరికింద పెట్రోమాక్సు లైటు బుస్సుమంటోంది. కొల్లేటి మీంచి కుళ్ళిన నాచు వాసన. కప్పలు ఒకటే అరుపు. వీధిలో ఖాదర్ గారి గుర్రం గడ్డి నములుతోంది. ఆడవాళ్ళం గుమ్మం లోపల కూర్చున్నాం.

ఆట అయ్యాక అప్పారావు లేచాడు. "ఆ ఫిడేలు నాకిప్పించండి. మా పిల్లాడికి నేర్పిస్తాను. ఏడుకొండలు పేరు నిలబెడతాం."

"తీసుకో. ఆవిడకేం తెలుసు, నేను చెప్తున్నాగా" అన్నారు ప్రసాదరావు గారు.

నేను గుమ్మం దాటి వచ్చాను. "ఇంటివాళ్ళు ఇవ్వాలి గదండీ. నేనే ఇస్తాను" అన్నాను.

"ఓరి నాయనో, అక్కగారికి నోరొచ్చింది!" అన్నాడు అప్పారావు. జనం నవ్వారు. నేను ఫిడేలు వాడి చేతికిచ్చాను.

వాడు కమాను మర పట్టుకుని, "ముందే బిగించి ఉందేంటి?" అన్నాడు.

"వాడే బిగించుకున్నాడు" అన్నాను, అప్పారావుకి మాత్రమే వినపడేలాగ.

వాడు లాగాడు.

కప్పలు ఆగిపోయాయి.

ఒక్కసారి లాగి ఆపాలి. వాడు ఆపలేదు. ఎప్పుడూ ఫిడేలు పట్టనివాడు, నాట్లలో ఆడవాళ్ళు వాయించమని అడిగే పాట వాయిస్తున్నాడు. మా వాడు తీసే మెలికలు, మా వాడు ఆగే చోట్లు... అన్నీ అవే. వీధిలో గుర్రం సకిలించింది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకోబోయి, వాడి మొహం చూసి ఆగిపోయారు.

"చాల్లే, వదులు చెయ్యి" అన్నారు ప్రసాదరావు గారు.

"ఆగట్లేదండీ..."

"ఏంటీ?"

"చెయ్యి... నాది కాదండీ..."

వాడి చొక్కాచేతిలోంచి నీళ్ళు కారుతున్నాయి. వాన లేదు. ఎడమచేతి వేళ్ళు తీగలమీద ఒత్తుకుపోతున్నాయి. తీగ చర్మంలో దిగింది. ఇంకా దిగింది. పాట మాత్రం ఎక్కడా తప్పలేదు.

"అంచు పట్టుకున్నాడు..." వాడు గొణుగుతున్నాడు. "వదలమంటే వదల్లేదు... దోనె తోసే గెడతో కొట్టాను... అక్కా, ఆపమనక్కా..."

అందరూ విన్నారు. ఎవరూ కదల్లేదు.

నేనూ ఆపమనలేదు.

చిటుక్కుమని ఒక వేలు విరిగింది. లైటు ఆరిపోయింది. చీకట్లో గుగ్గిలం వాసన గుప్పుమంది. తరవాత ఇంకో వేలు... ఇంకోటి... పాట లేచి, మా ముందునుంచే నడుచుకుంటూ గట్టు దిగింది. నీళ్ళ చప్పుడైంది. అయినా పాట ఆగలేదు. నీళ్ళమీద దూరమవుతూ, దూరమవుతూ...

దీపం పట్టుకుని వెళ్ళడానికి ఒక్క మగాడూ లేవలేదు.

తెల్లవారాక దోనెలు వేసుకుని వెతకడానికి వెళ్ళారు. నేను వాకిలి ఊడ్చుదామని వచ్చాను. పందిరికింద చాపమీద, తమ్ముడి చోట్లో, ఫిడేలు ఉంది. ఎవరు తెచ్చారో తెలీదు. తడి లేదు. నెత్తురు లేదు. కమాను బిగిసే ఉంది.

కాసేపటికి ప్రసాదరావు గారు వచ్చారు. గుమ్మం బయటే నిలబడ్డారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎడమచెయ్యి పైపంచెలో చుట్టుకుని ఉన్నారు. ఆ పంచె కొసనుంచి బొట్టుబొట్టుగా నీళ్ళు పడుతున్నాయి.

"అమ్మా నాగరత్నం... ఆ కమాను వదులు చేసెయ్యమ్మా" అన్నారు. "నీకు దణ్ణం పెడతాను. ఆట ముగించెయ్యి."

చెయ్యెందుకు చుట్టుకున్నారని నేను అడగలేదు.

లోపలికి వెళ్ళి గూట్లోంచి గుగ్గిలం ముక్క తెచ్చాను. ఆయన చూస్తుండగానే కమానుకి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నిదానంగా రాశాను. మర ముట్టుకోకుండా, మళ్ళీ చాపమీద వాడి చోట్లోనే పెట్టాను.