బోర్లించిన పన్నెండు సీసాలు

మణికుమార్ చేసింది నిజానికి మంచి పనే. కాలేజీ ల్యాబ్‌లో ఏసీ బాగుచేసి, చేతులు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. బల్ల మీద వేలెడంత గాజుసీసాలు పన్నెండు, అన్నీ తలకిందులుగా ఉన్నాయి.

మణి వాళ్లది చేపల పడవ మీద బతికే ఇల్లు. చెంబు దగ్గర్నుంచి టీగ్లాసు దాకా ఏదీ బోర్లించరు. బోర్లిస్తే సముద్రంలో ఉన్న పడవ కూడా బోల్తా కొడుతుందని మామ్మ కాళమ్మ నమ్మకం. ఈ ఒక్క విషయంలో ఆవిడ ఎవర్నీ వదిలిపెట్టదు. అందుకని మణి ఆ సీసాల్ని ఒక్కొక్కటిగా, మూత బిగించి ఉందో లేదో చూసి మరీ, నిలబెట్టుకుంటూ వచ్చాడు.

పన్నెండోది చేతిలో ఉండగా, ఆ ల్యాబ్‌లో రీసెర్చ్ చేసే లహరి లోపలికొచ్చింది.

"భయ్యా, యే క్యా కియా? ఏం చేశారన్నా ఇది?"

అరిచినా బాగుండేది. ఆ అమ్మాయి నెమ్మదిగా కుర్చీలో కూర్చుని సీసాల వంక చూస్తుంటే మణికి నిలుచున్న చోటే భూమిలోకి దిగిపోవాలనిపించింది. సంగతేమిటో తర్వాత చెప్పింది. అందులో ఉన్నది కరెంటును మోయగల ఆర్గానిక్ సెమీకండక్టర్ జెల్. రెండు రోజులు బోర్లా ఉంచినా చుక్క జారకూడదు. శుక్రవారం చెన్నై నుంచి గైడ్ పద్మిని మేడం వస్తారు. ఆవిడ కళ్లముందు జెల్ జారకుండా నిలబడితే పని ఇక్కడే సాగుతుంది. లేకపోతే ప్రాజెక్టు చెన్నైకి పోతుంది, దానితోపాటు ఈ దీవిలోనే, డెలానీపూర్‌లో పుట్టి పెరిగిన లహరి కూడా.

అతని చేతుల్లో కుదిపినట్టయి మూడు సీసాల్లో జెల్ అప్పటికే జారింది. లహరి పన్నెండింటినీ మళ్లీ వేడిచేసి కరిగించి, చల్లారబెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "భయ్యా, మీ ఏసీ మరీ బాగా పనిచేస్తోంది."

మణికి ఇలాంటి కంప్లయింట్ రావడం ఇదే మొదలు. గది చల్లబడిపోవడంతో సీసాలు గబగబా చల్లారి, లోపలి జెల్ అంతా ఇసక కలిపినట్టు ముద్దలు కట్టిందట. ఏసీ ఆపేస్తే అద్దాలన్నీ చెమ్మ పట్టి మిషన్లు పాడవుతాయట. ఏం చేయాలో ఆమెకి తెలియడం లేదు.

మణికి తెలిసింది. వాన కురుస్తుంటే బ్రూక్షాబాద్‌లోని ఇంటి నుంచి స్కూటర్ మీద, నాన్న అప్పలరాముడి చేపల థర్మాకోల్ పెట్టె వెనక కట్టుకుని వచ్చాడు. అది ల్యాబ్‌లోకి రాగానే వంజరం చేప వాసన కూడా వచ్చింది. లహరి ముక్కు మూసుకుంది.

"ఐసు కరగనివ్వని పెట్టె, వేడిని మాత్రం పోనిస్తుందా మేడం? వేణ్నీళ్లు పోసి, జెల్ మళ్లీ కరిగించిన సీసాలు అందులో పెట్టండి. సాయంత్రందాకా మెల్లగా చల్లారతాయి."

లహరి ముక్కు మీద చెయ్యి తీసింది. అతని వంక చూడాల్సిన దానికంటే రెండు క్షణాలు ఎక్కువే చూసింది. "దిమాగ్ హై భయ్యా, మంచి బుర్ర మీది," అంది. ఆ భయ్యా ఒక్కటి లేకపోతే మణి ఆ పూట గాల్లో తేలిపోయేవాడే.

బుధవారం పొద్దున సీసాలు బోర్లించారు. ఆ రోజు మణి ఏసీలో గ్యాసు చూడాలంటూ వచ్చాడు. గురువారం ఫిల్టర్ చూడాలన్నాడు. ఫిల్టర్ శుభ్రంగానే ఉందని ఇద్దరికీ తెలుసు. లహరి నీలం టార్చి వేస్తే సీసాలు లేత పచ్చగా వెలిగాయి. చల్లారేటప్పుడు అణువులు తమంతట తామే దారాల్లా పేనుకుని, లోపలి ద్రవాన్ని వలలో పట్టినట్టు పట్టేస్తాయని చెప్పింది.

"వల ఎవరూ అల్లరా?"

"ఎవరూ అల్లరు. తొందర పెట్టకుండా ఉంటే చాలు."

చిన్నప్పట్నుంచీ వలలు బాగుచేసిన వేళ్ల వంక మణి చూసుకున్నాడు. ఈ అమ్మాయి వెళ్లిపోతే తను బతకగలడు గానీ బాగోదు, అస్సలు బాగోదు. బోర్లించినవి అలాగే ఉండాలని జీవితంలో మొదటిసారి మొక్కుకున్నాడు. మామ్మకి మాత్రం చెప్పలేదు.

శుక్రవారం పద్మిని మేడం సీసాల్ని ఒక్కొక్కటే వేలితో తట్టి చూస్తుంటే, మణి బయట నిచ్చెనెక్కి ఏ జబ్బూ లేని ఏసీకి వైద్యం చేస్తున్నాడు. లహరి వానలోకి పరుగెత్తుకొచ్చింది.

"మణీ, పన్నెండూ నిలబడ్డాయి. నేను ఇక్కడే ఉంటున్నా."

అతను చేతిలోని స్క్రూడ్రైవర్ జారవిడిచాడు. "మరి 'భయ్యా' ఏమైంది?" అనడిగాడు.

"ఆ పిలుపు ఇంక లేదు," అంది లహరి, తడిసిన ముఖం తుడుచుకోకుండానే. "నచ్చకపోతే చెప్పు, మళ్లీ మొదలెడతా."

నిచ్చెన చివరి మూడు మెట్లూ మణి దూకేశాడు.

ఆదివారం మధ్యాహ్నం లహరి బ్రూక్షాబాద్‌లో మణి ఇంటికి భోజనానికొచ్చింది. అంతా బాగానే జరిగింది. చివర్లో నీళ్లు తాగిన గ్లాసు కడిగి, అలవాటుగా గట్టు మీద బోర్లించింది. అప్పలరాముడు నమలడం ఆపేశాడు. ముందే చెప్పాలన్న తెలివి మణికి లేకపోయింది.

"ఏటే గుంటా అది?" అంది కాళమ్మ.

అందరి ముఖాలూ చూశాక, ఆ రోజు మణి సీసాలెందుకు నిలబెట్టాడో లహరికి అర్థమైంది. కంగారుగా బ్యాగులోంచి ఒక సీసా తీసి ముసలావిడ చేతిలో పెట్టింది. "మామ్మా, ఇది బోర్లించి చూడండి."

కాళమ్మ అనుమానంగా తిప్పింది. చూసింది. ఊపింది. చుక్క జారలేదు.

"ఒలకదేటి?"

"ఒలకదు మామ్మా. మీ చేపల పెట్టెలోనే పేరుకుంది."

కాళమ్మ సీసా వంకా, చెవులదాకా ఎర్రబడిన మనవడి వంకా చూసింది. లేచి వెళ్లి దేవుడి పటాల పక్కన, తన చేత్తో తనే, ఆ సీసాని బోర్లించి పెట్టింది. ఆ ఇంట్లో అలాంటిది జరగడం అదే మొదలు.

"గ్లాసు మాత్రం నిలబెట్టు గుంటా," అంది వెనక్కి తిరక్కుండానే. "రేపు నువ్వుండాల్సిన ఇల్లు, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో."