రెండు సీట్ల రాకెట్

నేను లిఫ్టులు బాగుచేస్తాను. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళు తలుపు తెరవగానే ఏడుస్తారు, తిడతారు, ఒకాయనైతే నన్ను గట్టిగా వాటేసుకున్నాడు. "ఒక్క నిమిషం ఆగండి" అన్న మనిషిని మాత్రం ఆ రోజే చూశాను.

మూడు, నాలుగు అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టులో ఆమె నేలమీద మఠం వేసుక్కూర్చుని ఉంది. ఒళ్ళో లాప్‌టాప్. అందులో ఏదో గేమ్, గేమ్‌లో ఒక రాకెట్.

"మేడమ్, మీరు బయటికి రావాలి."

"లిఫ్టు ఎలాగూ ఆగిపోయింది కదండీ. ఇప్పుడు దీన్ని వదిలేస్తే ఇది కూలిపోతుంది."

ఒళ్ళు మండింది. అయినా తొంగి చూశాను. రాకెట్ ఒక పక్కకి వాలుతోంది.

"అది పడిపోతోంది" అన్నాను కసిగా.

"పడట్లేదు, వెళ్తోంది."

"పైకి పోవాల్సింది పక్కకి పోతుంటే మా పనిలో పడటమనే అంటారు."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "మీ పనిలో కరెక్టే" అని నవ్వింది. నా కోపం ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు.

ఆమె నాలుగో అంతస్తులో, కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తుంది. ఆ ముసలి లిఫ్టు తీసేసి కొత్తది పెట్టే పని నెలరోజులు నా నెత్తిన పడింది. ఎవరికీ చెప్పలేదు గానీ లోలోపల చాలా సంతోషించాను.

మధ్యాహ్నాలు అన్నం డబ్బాలు పట్టుకుని టెర్రస్ మెట్లమీద కూర్చునేవాళ్ళం. తను నాకు ఆ గేమ్ నేర్పేది. 'లిఫ్టుగారూ' అని పిలిచేది.

నా మొదటి రాకెట్ నిటారుగా పైకెళ్ళింది. ఆకాశం నల్లబడి చుక్కలు కనిపించాయి. నేను ఎగిరి గంతేశాను. అది అంతే నిటారుగా కిందికొచ్చి పడింది.

"ఇంకో ఇంధనం ట్యాంకు తగిలిస్తా."

"తగిలించండి" అంది, నవ్వు ఆపుకుంటూ.

ఇంకా పైకెళ్ళింది. ఇంకా గట్టిగా పడింది.

"ఎంత ఎత్తుకెళ్ళినా అంతే లిఫ్టుగారూ. కక్ష్యలో తిరగాలంటే ఎత్తొక్కటే చాలదు, పక్కకి వేగం కావాలి. అది పడుతూనే ఉంటుంది. కానీ నేల తగలనంత జోరుగా పక్కకి పోతుంటుంది."

"ఎప్పుడూ పడుతూనే ఉండటమా?"

"అదే కిటుకు. ఇంకోటి, ఉన్నదంతా కిందే కాల్చెయ్యకండి. అది ఎక్కే దారి పై అంచుకి చేరేసరికి కాస్త మిగలాలి. అక్కడ మళ్ళీ ఇంజను వెయ్యాలి. అదను తప్పితే కిందికే."

వాల్చడం నేర్చుకున్నాను. అయినా ప్రతిసారీ పై అంచుకి చేరేలోపే ఇంధనం అయిపోయేది. కారణం తను చిటికెలో పట్టేసింది.

"ఉన్నది ఒక్క పైలట్. రెండు సీట్ల కేబిన్ ఎందుకు? ఆ బరువు వల్లే కదా ఈ తంటా!"

"ఉండనివ్వండి."

"ఎందుకని?"

"ఊరికే."

"మహా మొండి మనిషండీ మీరు."

ఆ సీటు ఎవరికోసమో చెప్పడానికి నాకు ఇరవై మధ్యాహ్నాలు దొరికాయి. ఇరవై సార్లూ అన్నం ముద్దతోపాటు మాట కూడా మింగేశాను.

నాలుగో వారం తనే అంది. "వేరే ఊళ్ళో కొత్త ల్యాబు తెరుస్తున్నారు. నన్ను ఇన్‌చార్జిగా వెయ్యమని నేనే అడిగా, ఇచ్చారు. ఇక్కడ శనివారమే ఆఖరు. బస్సులో నాలుగు గంటలు."

"కంగ్రాట్స్" అన్నాను, నా నోరు మండ.

తను కాసేపు నా మొహంలోకి చూసింది. తర్వాత డబ్బా మూత పెట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

ఇంట్లో అక్క లాప్‌టాప్ తీసుకుని కూర్చున్నాను. అక్కకి సంగతంతా తెలుసు.

"ఒరేయ్, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయా?"

"వెళ్ళొద్దని ఎలా అడగనే? తను కోరుకున్న పని అది."

"వెళ్ళొద్దనమని ఎవరన్నారు? నీ మనసులో ఉన్నది చెప్పమంటున్నాను."

ఆ వారంలో పదకొండు రాకెట్లు కూల్చాను. శుక్రవారం పొద్దున పన్నెండోది పై అంచుకి చేరింది. ట్యాంకులో అడుగున కాస్త ఇంధనం మిగిలింది. ఊపిరి బిగబట్టి ఇంజను వేశాను. వంగిన గీత మెల్లగా సాగి, భూగోళం చుట్టూ తిరిగొచ్చి, తన తోకను తనే కలుసుకుంది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు.

శనివారం కొత్త లిఫ్టు సిద్ధమైంది. తను అట్టపెట్టె పట్టుకుని వచ్చింది.

"మొదటి ట్రిప్పు మీదే. కిందికెళ్ళేముందు ఒక్కసారి పైదాకా వెళ్దాం" అన్నాను.

లోపల అక్క లాప్‌టాప్ తెరిచి చూపించాను. పెట్టె కింద పెట్టేసి నా చేతిలోంచి లాక్కుంది.

"కక్ష్యలో ఉంది! ఆ రెండు సీట్లతోనే!"

"రెండు సీట్లతోనే."

"ఇప్పుడైనా చెప్పండి. ఆ రెండోది ఎవరికి?"

లిఫ్టు పై అంతస్తులో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

"మీకే. మొదటి రోజునుంచీ మీకే. మీరంటే నాకు ఇష్టం."

తను లాప్‌టాప్ మీంచి తలెత్తింది.

"ఊరొదిలి పోతున్న రోజు చెప్తున్నారా?"

"వెళ్ళొద్దని కాదు. తప్పకుండా వెళ్ళండి. కానీ ఇది చూడండి, ఎంత దూరం పోయినా మళ్ళీ ఇక్కడికే వస్తోంది."

తను తెరవైపే చూస్తూ ఉండిపోయింది. కళ్ళు తడిగా ఉన్నాయి. నేను చెప్పాల్సింది అయిపోయింది. ఇక నా చేతిలో ఏమీ లేదు.

"ఇంకోటి కడదాం" అంది చివరికి. "ఈసారి పైలట్ సీటు నాది. నీ చేతికిస్తే నిటారుగా తీసుకెళ్ళి నేలకేసి కొడతావు."

నీ, అంది. మొదటిసారి.

"ఒక శనివారం నేనొస్తా. ఇంకో శనివారం నువ్వు రావాలి. బస్సులో నాలుగు గంటలు, తెలుసుగా? మళ్ళీ 'ఊరికే' అన్నావో..."

కింది అంతస్తులో ఎవరో బటన్ తెగ నొక్కుతున్నారు. లిఫ్టు పాడైందా ఏమిటని కేకలు కూడా మొదలయ్యాయి.

"ఒక్క నిమిషం ఆగండి!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.