పాస్‌వర్డ్ గడిలో చుక్కలు

మేడమీది ఆ చివరి గది పేరెత్తితే ఇంట్లో అందరికీ హడలే. పెద్దాయన పోయి ఏడాదయింది. అప్పట్నుంచీ చీకటి పడితే చాలు, అటువైపు టకటకమని టైపు కొడుతున్న చప్పుడు. పనిమనిషి విన్నది, కోడలి మరిది విన్నాడు. మరిదైతే పట్టపగలు కూడా ఆ గది ముందు నడవడు, పరిగెడతాడు.

కోడలికి మాత్రం ఆ రాత్రి ఆ గదే దిక్కయింది. ఆరేళ్ల తర్వాత ఉద్యోగానికి దరఖాస్తు పెడుతోంది. గడువు రాత్రి పదింటికి. ల్యాప్‌టాప్ చూస్తే సాయంత్రమే గుడ్లు తేలేసింది, ఫోన్లో ఆ ఫారం తెరుచుకోదు.

మిగిలింది ఆ గదిలో ఉన్న మామగారి పాత కంప్యూటరు. వైఫై అంటే ఏమిటో దానికి తెలీదు పాపం. వీధి చివరి దుకాణంలో వైఫై అందుకునే వేలిగోరంత డాంగిల్ కొనుక్కొచ్చి, వెనకవైపు దుమ్ములో తడుముకుని గుచ్చింది. దాంతో వచ్చిన సీడీ వేసి, రెండుసార్లు ఆపి మళ్లీ ఆన్ చేసింది. తెర మీద తమ ఇంటి వైఫై పేరు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది.

బల్ల మీదున్న పాత వైరు కీబోర్డుతో పాస్‌వర్డ్ కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది... మళ్లీ తప్పే.

మూడోసారి ఇంకా చెయ్యి వెయ్యనేలేదు — గడిలో ఒక చుక్క పడింది.

ఇంకొకటి... ఇంకొకటి...

“ఎవరది?” అంది. ఆ మాట తనకే వినపడలేదు.

గోడ అవతల టక్... టక్... టక్. ఒక్కో చప్పుడుకీ ఒక్కో చుక్క.

‘అక్షరాలు చూపించు’ అన్నచోట నొక్కింది. చుక్కలు పోయి, ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాట బయటపడింది — ‘తిన్నారా’.

పారిపోదామని లేచింది. గడియారం తొమ్మిదిన్నర దాటింది. ఉద్యోగం గుర్తొచ్చి ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోంచే తెగింపూ వచ్చింది. గడిలో ఉన్నది తుడిచేసి, వెళ్లి పక్కగది తలుపు తోసింది.

కింద పడుకుందనుకున్న అత్తగారు చీకట్లో మంచం మీద కూర్చునుంది. ఒళ్లో వైరు లేని కీబోర్డు.

“అత్తయ్యా... ఇదేమిటి?”

దొంగతనం బయటపడ్డట్టు తల దించుకుంది ఆవిడ. “మీ మావయ్యగారిదమ్మా. నిద్ర పట్టేదాకా ‘తిన్నారా’ అని ఆయన్ని అడుగుతుంటాను. కొట్టింది ఎక్కడికీ పోదుగా అని...”

కోడలు ఊపిరి పీల్చుకుంది. ఈ కీబోర్డు మాటలు అందుకునే ముక్క ఇంకా కంప్యూటరు వెనకే ఉండిపోయింది. ఏడాది తర్వాత ఆ యంత్రం వెలిగింది ఈ రాత్రే. అంతే సంగతి!

“ఒక్క పావుగంట నాకివ్వండత్తయ్యా,” అని కీబోర్డు తీసుకుని, బ్యాటరీలు ఊడదీసి, గుప్పిట్లో పట్టుకుని తిరిగొచ్చింది.

తుడిచేసిన గడిలో మళ్లీ అక్షరాలు పడుతున్నాయి. ఒక్కొక్కటే... తీరిగ్గా...

‘తిన్నాను. నువ్వు పడుకో.’

అది తుడిపితే తప్ప పాస్‌వర్డ్ కొట్టడానికి లేదు. పదికి పది నిమిషాలే ఉన్నాయి. చెయ్యి కీ మీదాకా వెళ్లి ఆగిపోయింది.

“అత్తయ్యా,” గుసగుసగా పిలిచింది కోడలు. “తొందరగా రండి... ఇది మీకొచ్చింది.”