టాంకీ గది దగ్గర ఆపొద్దు

కువైట్ నుంచి సౌదీకి పోయే సాల్మీ రోడ్డులో రాత్రిపూట బస్సు ఎక్కడైనా ఆపుతారు గానీ, టాంకీ గది దగ్గర మాత్రం ఆపరు.

అమ్ఘరా తుక్కు యార్డుల దీపాలు వెనకబడి, జహరా కూడా దాటాక, సౌదీ బోర్డరు దాకా అంతా ఇసుకే. బోర్డరు ఇంకా పాతిక కిలోమీటర్లు ఉందనగా కుడివైపున ఒక ఒంటిగది కనిపిస్తుంది. తలుపు లేదు. పైన తుప్పు పట్టిన నీళ్ళ టాంకీ. ఎవరు కట్టారో, ఎందుకు వదిలేశారో ఎవరికీ తెలీదు.

ట్రైలర్లు నడిపే పఠాన్లు దాన్ని జిన్ను ఇల్లు అనేవాళ్ళు. నడిరాత్రి ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా వేసుకుని ఒక ఆడమనిషి రోడ్డు వారకు వస్తుందట. చెయ్యి ఊపుతుందట. మన డ్రైవర్లయితే, అది తెలుగులో పిలుస్తుందని కూడా చెప్పేవాళ్ళు. ఆపితే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు... ఆపినవాళ్ళు లేరు కనుక.

2007 చలికాలంలో మేం ఉమ్రా యాత్రకు పోతున్నాం. మక్కా దాకా పదమూడు వందల కిలోమీటర్ల దారి. బస్సులో సగం మంది కడప జిల్లా వాళ్ళమే. ఇళ్ళల్లో పని చేసేవాళ్ళం, వంటవాళ్ళం. నేనూ అప్పుడు జాబ్రియాలో ఒక ఇంట్లో వంట చేసేదాన్ని.

ఆ గది దగ్గరపడుతుండగా డ్రైవరు అల్లాబకష్ బస్సు లోపలి లైట్లు ఆర్పేశాడు. స్పీడు పెంచాడు. పక్క వరసలో షరీఫా బీ పెదాలు కదుపుతూ దువా చదువుకుంటోంది. నా ముందు సీట్లో కిటికీ పక్కన బిస్మిల్లా బీ కూర్చుంది. యాభై ఏళ్ళ మనిషి, రాయచోటి వైపు. బస్సెక్కినప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు.

గది దాటిపోయింది.

బోర్డరులో పాస్‌పోర్టుల పని అయ్యేసరికి మూడు గంటలు పట్టింది. సౌదీలోకి వచ్చి, హఫర్ అల్ బాతిన్ దాటాక ఒక పెట్రోలు బంకు దగ్గర టీకి ఆపారు. ఇంకా తెల్లవారలేదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. చేతిలో వేడి గ్లాసు పడ్డాక షరీఫా బీకి ధైర్యం వచ్చింది. ఆ గది ఊసెత్తింది. తన మామా, అంటే తను పనిచేసే ఇంటి యజమానురాలు, వాళ్ళ డ్రైవరు ఆ జిన్నును కళ్ళారా చూశాడట... దాని పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయట.

బిస్మిల్లా బీ గ్లాసు కింద పెట్టింది.

"దాని కాళ్ళు ముందుకే ఉంటాయి," అంది.

తర్వాత ఆమె చెప్పింది ఇది.

ఆమెకు ఒక చెల్లెలు, షహర్‌బాను. 2002లో వీసా తీయించి కువైట్‌కు పిలిపించుకున్నది బిస్మిల్లా బీనే. ఊర్లో మొగుణ్ణి, నాలుగేళ్ళ కూతుర్ని వదిలి వచ్చింది బాను. జాబ్రియాలోనే, రెండు వీధుల అవతల ఇంట్లో పనికి కుదిరింది. ఏడాది తిరక్కుండానే ఆ ఇంటి బాధలు పడలేక ఒక రాత్రి పారిపోయింది. అక్కకు కూడా చెప్పలేదు.

నెల తర్వాత ఆ ఇంటి మామా చల్లగా చెప్పింది. సాల్మీ ఎడారిలో ఆ పిల్ల చెప్పులూ, తలగుడ్డా దొరికాయట. ఇంక ఖలాస్ అంది. శవం దొరికిందా అని అడిగితే, ఎడారిలో ఏం మిగులుతుంది అని లోపలికి వెళ్ళిపోయింది.

ఊర్లో పోయినవాళ్ళకు చేసినట్టే బానుకు ఫాతెహా చదివించారు. ఏడాది గడవక ముందే బాను మొగుడు ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

2005 మొదట్లో బిస్మిల్లా బీ చెల్లెలి పేరు మీద దువా చేద్దామని ఉమ్రాకు బయల్దేరింది. ఆ రాత్రి సరిగ్గా టాంకీ గది ఎదురుగా టైరు పగిలింది. మగవాళ్ళు దిగి జాకీ పెడుతున్నారు. ఆడవాళ్ళెవరూ కిందికి దిగలేదు. ఆమె మాత్రం ఒంటికి ఆపుకోలేక దిగాల్సి వచ్చింది. "నేను వచ్చేదాకా పోవద్దప్పా," అని డ్రైవరుకు కేకేసి, గది వెనక్కి పోయింది.

లేచి సర్దుకుంటుంటే — ఇసుకలో అడుగుల చప్పుడు.

ఆగింది. మళ్ళీ వినిపించింది... ఈసారి దగ్గరగా.

"అక్కా..."

"మా ఇంట్లో మాట్లాడేది తెలుగే," అంది బిస్మిల్లా బీ మాతో. "ఆ పిలుపు మా ఊరి పిలుపు. ఆ గొంతు మా బానుది."

గది మూల నుంచి ఒక నల్లటి ఆకారం వచ్చింది. ముఖం తెలియడం లేదు. చెయ్యి చాచింది.

"అక్కా... నేను... బానుని."

చచ్చిపోయిన మనిషి. ఫాతెహా అయిపోయిన మనిషి. జిన్నులు పోయినవాళ్ళ గొంతుతో పిలుస్తాయని, పలికితే వెంట తీసుకుపోతాయని ఆమె చిన్నప్పటి నుంచీ విన్నది. నోటికి వచ్చిన ఖురాన్ ఆయతులన్నీ చదివింది. అది ఇంకో అడుగు ముందుకు వేసింది. ఆమె వంగి, చేతికి దొరికిన రాయి తీసి విసిరింది.

చీకట్లో "అబ్బా" అని వినిపించింది.

అంతే... బస్సు దాకా పరిగెత్తింది. తలుపు వేయమని అరిచింది. టైరు బిగించడం అప్పుడే అయింది. బస్సు కదిలింది.

తిరిగొచ్చాక తనకు తెలిసిన ప్రతి మనిషికీ ఆ సంగతి చెప్పింది. శుక్రవారం సెలవుకు కలిసిన చోటల్లా చెప్పింది. డ్రైవర్లకు చెప్పింది. చచ్చిన చెల్లెలి రూపంలో వచ్చిందని, ఎట్టి పరిస్థితిలో ఆపొద్దని.

ఆ ఏడాది చివర ఒక పొద్దున ఫోను మోగింది. ఎంబసీ వాళ్ళ షెల్టరు నుంచి. ఒక గొర్రెల కొట్టం మీద పోలీసులు పడితే, కాగితాల్లేని నలుగురు దొరికారట. అందులో ఒక తెలుగామె మీ నంబరు చెప్పింది, మాట్లాడండి అన్నారు.

బాను మాట్లాడింది. ఏడవలేదు. పని ఇప్పిస్తానని ఒకడు నమ్మించి తీసుకుపోయాడని, ఆ గది వెనక రెండు కిలోమీటర్ల లోపల కొట్టంలో పడేశాడని, పగలంతా కాపలా ఉండేదని, రాత్రి వాళ్ళు నిద్రపోయాక రోడ్డుకు నడిచి వచ్చేదాన్నని, ఎవరూ ఆపకపోతే తెల్లారేలోగా మళ్ళీ కొట్టానికే పోయేదాన్నని చెప్పింది.



"రెండేళ్ళు చెయ్యి ఊపినానక్కా," అంది. "ఒక్క బస్సు ఆగింది. దాంట్లోంచి నువ్వు దిగినావు."



"నీ గొంతు విని వచ్చినా," అంది బాను. "రాయి తగిలినాక కంట్లో నెత్తురు పడి బస్సు తలుపు యాడుందో కనపడలేదు."

షెల్టరులో ఇద్దరూ ఒక్కసారే కలిశారు. బాను అక్క ముఖంలోకి చూడలేదు. ఊరికి పోయింది. అక్కడ ఇంట్లో ఇంకో ఆడది ఉంది. కూతురు కొత్తామెనే అమ్మా అంటోంది. ఇప్పుడు బాను రాయచోటిలో ఒక హోటల్లో గిన్నెలు తోముతోందట. బిస్మిల్లా బీ ఫోను చేస్తే ఎత్తదు.

మా గ్లాసుల్లో టీ చల్లారిపోయింది. షరీఫా బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. పోనీలే అక్కా, ప్రాణాలతో బయటపడింది కదా అని ఎవరో అన్నారు. దెయ్యం లేదని తేలింది కదా అన్నాడు అల్లాబకష్.

బిస్మిల్లా బీ అతని వైపు తిరిగింది.

"ఇందాక ఆ గది కాడ ఒక మనిషి నిలబడి ఉండె," అంది మెల్లగా. "నేను చూసినా. ఆపమని చెప్పాలనుకున్నా. అన్నీ తెలిసి కూడా... నోరు రాలేదు."

తన కిటికీ నుంచి తనకేమీ కనపడలేదని షరీఫా బీ గొణిగింది. అల్లాబకష్ వాచీ చూసుకున్నాడు. వెనక్కి పోవడానికి వీల్లేదు, బోర్డరు దాటేశాం, వీసా ఒక్కసారికే అన్నాడు. వెనక్కి పోదామని అతన్ని ఎవరూ అడగలేదు.

అందరం లేచి బస్సెక్కాం.

నేను అక్కడ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నేనూ చూశాను. బస్సు లైటు ఒక్క క్షణం ఆమె మీద పడింది. ఆమె చెయ్యి ఊపడం లేదు. రెండు చేతులతో దేన్నో పైకెత్తి, బస్సుకు కనబడేలా పట్టుకుని నిలబడింది. గుడ్డలో చుట్టి ఉంది. చిన్నది.

అదేమిటో తెలిసేలోపు నేను కర్టెన్ లాగేసుకున్నాను.